లిఫ్టు పక్కన అతికించే కాగితం: పక్షవాతం వస్తే ఏం చేయాలని రాయాలి?

బ్లాక్‌సీ_కమిటీ, మియాపూర్

గుండెపోటు వస్తే ఏం చేయాలో చెప్పే కాగితం మా అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన ఎప్పటి నుంచో ఉంది. బ్రెయిన్ స్ట్రోక్‌కు కూడా ఒకటి పెడదామని కమిటీలో అనుకున్నాం. పగటిపూట ఇళ్లల్లో ఉండేది పెద్దవాళ్లు, పనివాళ్లు, కింద వాచ్‌మన్. కాబట్టి డాక్టర్ల భాషలో కాకుండా వాచ్‌మన్ చదివి చేయగలిగేలా ఉండాలి. పేజీ దాటకూడదు. పాత కాగితాన్నే కాస్త మార్చి ఇలా రాశాను:

"మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా పక్షవాతం కావచ్చు. ఆస్పిరిన్ 325 ఒకటి నమిలించండి. బీపీ ఎక్కువగా ఉంటే బీపీ మాత్ర వేయండి. కాసేపు పడుకోబెట్టి చూడండి. తగ్గకపోతే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాలుగున్నర గంటల టైం ఉంటుంది."

తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

నైట్‌డ్యూటీ_క్యాజువాల్టీ

మొదటి వాక్యం ఉంచండి, మిగతావన్నీ కొట్టేయండి. గుండె కాగితానికి పేరు మార్చి మెదడుకు వాడటంలోనే వచ్చింది చిక్కంతా.

గుండెపోటంటే దాదాపు ఎప్పుడూ రక్తనాళం మూసుకుపోవడమే. అందుకే అక్కడ ఆస్పిరిన్ నమిలించడం సరైన పని. మెదడులో నాళం మూసుకుపోయి ఉండొచ్చు, పగిలీ ఉండొచ్చు. మూసుకుపోయేవే ఎక్కువ. కానీ బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే వంకర మూతి, అదే పడిపోయిన చేయి. తేడా తేలేది సీటీ స్కాన్‌లోనే. రక్తం కారుతున్న మెదడుకు ఆస్పిరిన్ ఇస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా మింగడం రాని మనిషి నోట్లో మాత్ర వేస్తే అది ఊపిరితిత్తుల దారి పడుతుంది. సీటీ చూశాక ఆస్పిరిన్ ఆసుపత్రిలోనే ఇస్తారు. నాళాన్ని మూసేసిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పడినవాళ్లకైతే 24 గంటలు ఆగి, మళ్లీ సీటీ తీసి, అప్పుడు మొదలుపెడతారు. ఇంట్లో తొందరపడితే ఒరిగేదేమీ లేదు.

గుండెనొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర గురించి కూడా ఒక ముక్క రాయండి. చాలా ఇళ్లల్లో ఫ్రిజ్ మీద ఆ స్ట్రిప్ ఉంటుంది. ఎవరు పడిపోయినా నాలుక కింద పెట్టేస్తారు. అది బీపీని ఒక్కసారిగా దించేస్తుంది. బీపీ మాత్ర వద్దనడానికి కారణం కూడా అదే. నాళం మూసుకుపోయినప్పుడు మధ్యలో కొంత భాగం చచ్చిపోతుంది, దాని చుట్టూ ఇంకొంత భాగం మూర్ఛపోయినట్టు పని ఆపేసి ఉంటుంది, ప్రాణం మాత్రం ఉంటుంది. పక్కదారుల్లోంచి వచ్చే కాస్త రక్తంతో అది నెట్టుకొస్తోంది. ఆ రక్తాన్ని తోసేది పెరిగిన బీపీయే. 190 కనిపించగానే కంగారుపడి దించేస్తే బతికున్న ఆ భాగం కూడా పోతుంది. ఇంజెక్షన్ ఇవ్వని పేషెంటుకు 220/120 దాటేదాకా సాధారణంగా మేం కూడా బీపీ జోలికి పోం. ఇంజెక్షన్ ఇవ్వాలంటే మాత్రం 185/110 లోపు ఉండాలి. అప్పుడు కూడా లాబెటలాల్ లాంటి మందు నరంలోంచి, కొలత చూసుకుంటూ ఇస్తాం. నాలుక కింద నిఫెడిపిన్ చుక్కలు వేసే పాత అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది, అది మానాల్సిందే.

ఇక "కాసేపు పడుకోబెట్టి చూడండి". మీ కాగితంలో అన్నిటికంటే ప్రమాదకరమైన వాక్యం ఇది. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు పోతాయని 2006లో లెక్కగట్టారు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తొందర పుట్టదు. గుండెనొప్పికి పరిగెత్తినట్టు తిమ్మిరి చేతికి పరిగెత్తరు.

గుర్తుపట్టడం గురించి కొంచెం వివరంగా రాయండి, వాచ్‌మన్ చేయగలిగేదే ఇది. పళ్లు కనపడేలా నవ్వమనాలి, ఒక పక్క మూతి కదలకపోతే తెలిసిపోతుంది. కూర్చోబెట్టి, కళ్లు మూయించి, రెండు చేతులూ అరచేతులు పైకి ఉండేలా ముందుకు చాపించి పది అంకెలు లెక్కపెట్టాలి. ఒక చేయి మెల్లగా కిందికి జారినా, అరచేయి లోపలికి తిరిగిపోయినా అనుమానించాలి. చేయి పూర్తిగా పడిపోనక్కర్లేదు. తర్వాత మాట. ఇక్కడ రెండు పనులు చేయించాలి. "చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగాను" లాంటి వాక్యం ఒకటి తిరిగి చెప్పమనాలి, నాలుక మందమైతే ముద్దముద్దగా వస్తుంది. తాళంచెవి చూపించి "ఇదేంటి" అని కూడా అడగాలి. కొందరికి మాట స్పష్టంగానే వస్తుంది కానీ పదం దొరకదు, లేదా అర్థంపర్థం లేని మాటలు వస్తాయి. అలాంటివాళ్లను "పెద్దాయనకు మతి తప్పింది, నిద్రలేక అలా మాట్లాడుతున్నారు" అని పడుకోబెట్టేస్తారు. అది ఎడమ మెదడు స్ట్రోక్ కావచ్చు.

కుడి మెదడుకు వచ్చినప్పుడు దీనికి రివర్సు. ఎడమ చేయి పడిపోయి ఉంటుంది, మనిషి మాత్రం "నాకేం కాలేదు, వదలండి" అంటాడు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణమే. తన చేయి తనదని గుర్తించే భాగమే దెబ్బతింది. పేషెంటు వద్దన్నా సరే తీసుకెళ్లాలని కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాయండి.

ఇంకోటి, తూలు. హఠాత్తుగా తల తిరిగి, ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఒకటి రెండుగా కనపడటం, ఒక పక్క చూపు పోవడం, గొంతు మారిపోయి మింగలేకపోవడం, ఇవి వెనక మెదడు స్ట్రోక్‌లో వస్తాయి. చేయి, మూతి బాగానే ఉంటాయి కాబట్టి "గ్యాస్, పైత్యం, వర్టిగో" అని ఒక ఇంజెక్షన్ ఇచ్చి పంపించేస్తారు. మామూలు సీటీలో కూడా ఈ చోటు సరిగా కనపడదు.

మూతి మాత్రమే వంకర పోతే నరం వాపు, అంటే బెల్స్ పాల్సీ అయ్యుండొచ్చు. కానీ నుదురు ముడతలు పడుతున్నాయా లేదా అని చూసి అది తేల్చాల్సింది డాక్టరు. మీ కాగితంలో ఆ ఊసు వద్దు.

ఈఎంటీ_సైరన్

డాక్టర్ సాబ్ చెప్పింది కరెక్టే. నేను అంబులెన్స్ బండి దిక్కు నుంచి చెప్త.

ఫోన్‌ల ఏం చెప్పాల్నో గూడ కాగితం మీద రాయున్రి. "పెద్దాయన పడిపోయిండు, జల్ది రండి" అంటరు, ఫోన్ పెట్టేస్తరు. పడిపోయిండు అంటే జారిపడ్డడా, ఫిట్స్ వచ్చినయా, చేయి పడిపోయిందా మాకెట్ల తెలుస్తది? "స్ట్రోక్ అనుమానం, కుడి చేయి లేస్తలేదు, 10:20 దాక మంచిగుండె" అని చెప్పున్రి సాలు. మేం తొవ్వల ఉండంగనే దవాఖానకు ఫోన్ కొడ్తం, ఆడ సీటీ రూమ్ ఖాళీ చేసి పెడ్తరు.

టైం సంగతి జర సాఫ్‌గ రాయున్రి. మేం అడిగేది ఎప్పుడు సూసిన్రు అని కాదు, ఆఖరుసారి మంచిగ ఎప్పుడున్నడు అని. ఒకాయన రాత్రి పదింటికి పండుకుండు, మూడింటికి లేచి బాత్‌రూమ్‌కు నడుసుకుంట పోయిండు, ఆరింటికి లేపితే చేయి కదుల్తలేదు అనుకోండి. ఇంట్లోళ్లు "ఆరింటికి వచ్చింది" అంటరు. కాదు. మూడింటికి లెక్క. ఆ మూడింటి సంగతి ఎవ్వరు చెప్పకపోతే పదింటికి లెక్కవడ్తది, అప్పుడు ఆరింటికే ఎనిమిది గంటలు దాటినట్టు. బాత్‌రూమ్‌కు పోయింది సూసిన మనిషి ఎవరున్నరో ఆ మనిషినే బండ్ల ఎక్కించున్రి, కాకుంటే ఆ మనిషి ఫోన్ నంబరన్న ఇయ్యున్రి.

స్ట్రెచర్ పట్టే లిఫ్టు మస్తు అపార్ట్‌మెంట్లల్ల ఉండది. మీ దాంట్ల సర్వీస్ లిఫ్టు ఉంటే వాచ్‌మన్ దాన్ని కింద ఆపి పట్టుకోవాలె. లేకుంటే కుర్చీల కూసోవెట్టి, కట్టి దించాల్సొస్తది. పడిపోయిన చేయిని వట్టి గుంజొద్దు, భుజం కీలు జారుతది. వాంతి అయితే పక్కకు తిప్పాలె. బైకు మీద నడుమల కూసోవెట్టి తీస్కపోవుడు అయితే అస్సలు వద్దు, మెడ వాలిపోయి శ్వాస ఆగుతది.

ఇంట్ల షుగర్ మిషన్ ఉంటే ఒక్కసారి సూసి నంబరు రాసుకోండి. షుగర్ బాగ పడిపోతే గూడ అచ్చం పక్షవాతం లెక్కనే కనవడ్తది, ఒక పక్క చేయి గూడ పడిపోతది. మేం నరంలకెళ్లి గ్లూకోజ్ ఎక్కిస్తే లేచి కూసుంటరు. కని నోట్ల మాత్రం చక్కెర నీళ్లు పోయొద్దు.

బ్లాక్‌సీ_కమిటీ

చాలా సంతోషం. ఇంకో రెండు అడుగుతాను. మాకు నడిచిపోయేంత దూరంలో ఒక నర్సింగ్ హోమ్ ఉంది, సీటీ కూడా ఉంది. అక్కడ ఆగాలా, నేరుగా పెద్ద ఆసుపత్రికి పోవాలా? రెండోది, "సీటీ నార్మల్, కానీ స్ట్రోక్. ఇంజెక్షన్‌కు సంతకం పెట్టండి, రక్తస్రావం కావచ్చు" అంటారట. అది వినగానే ఇంట్లోవాళ్లు బిగుసుకుపోతారు. అక్కడ జరిగేదేమిటో ముందే రెండు ముక్కలు తెలిస్తే మంచిది కదా.

న్యూరో_పెన్‌టార్చ్

రెండోదే ముందు చెబుతాను. మొదటి గంటల్లో సీటీ తీసేది గడ్డను వెతకడానికి కాదు, రక్తస్రావం లేదని నిర్ధారించుకోవడానికి. రక్తం సీటీలో వెంటనే తెల్లగా కనపడుతుంది. మూసుకుపోయిన భాగం నల్లబడి కనపడటానికి గంటలు పడుతుంది. కాబట్టి చేయి పడిపోయిన మనిషికి సీటీ నార్మల్ వచ్చిందంటే జబ్బు లేదని కాదు, కాపాడుకోవడానికి ఇంకా మెదడు మిగిలుందని. ఇది తెలియక "స్కాన్ బాగానే ఉందన్నారు" అని ఇంటికి తీసుకెళ్లిపోయేవాళ్లు ఉన్నారు.

ఇంజెక్షన్ సంగతి. గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ మందు, లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు ఇస్తే పనిచేస్తుందని 1995లో తేలింది, నాలుగున్నర గంటల దాకా ఇవ్వొచ్చని 2008లో. సంతకం ఎందుకంటే, ఆ 1995 పరీక్షలో మందు పడినవాళ్లలో నూటికి ఆరుగురికి పైగా మెదడులో రక్తస్రావమై పరిస్థితి దిగజారింది, మందు పడనివాళ్లలో నూటికి ఒకరికంటే తక్కువ మందికే అలా అయింది. అయినా మూడు నెలలకు లెక్క చూస్తే, వైకల్యం లేకుండానో చాలా కొద్దిగానో మిగిలినవాళ్లు మందు పడిన వైపే ఎక్కువ. రక్తస్రావం మాట ఒక్కటే విని ఆగిపోతే రెండో లెక్క చెవికెక్కదు. సంతకం ఎవరు పెడతారో తేలక కారిడార్‌లో అమెరికాలో ఉన్న కొడుక్కి, బెంగళూరులో ఉన్న అల్లుడికి ఫోన్లు చేస్తూ ఇరవై నిమిషాలు పోగొడతారు. నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో ఇంట్లో ముందే అనుకుని ఉండాలి.

ఎవరికి ఇవ్వరో కూడా తెలిస్తే ఇంటి దగ్గరే పని తగ్గుతుంది. రక్తం పలచబరిచే ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడుతూ ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 1.7 దాటితే ఇవ్వం. అదే పని చేసే డాబిగాట్రాన్, ఎపిక్సాబాన్, రివరాక్సాబాన్ 48 గంటల్లోపు వేసుకుని ఉంటే మామూలుగా ఇవ్వం. ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువైతే, రెండు వారాల్లో పెద్ద ఆపరేషన్ జరిగితే, మూడు నెలల్లో తలకు తీవ్రమైన దెబ్బ తగిలితే బాగా ఆలోచించాల్సిందే. అందుకే మందుల స్ట్రిప్పులు అన్నీ ఒక కవర్లో వేసి తెమ్మంటాం. "బీపీ మాత్ర, తెల్లది, చిన్నది" అంటే మాకు ఏమీ తెలియదు. మందు మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా చూడాల్సిన రక్తపరీక్ష షుగర్ ఒక్కటే. రక్తం పలచబరిచే మందులు వాడని మనిషికి మిగతా రిపోర్టుల కోసం ఆగక్కర్లేదు.

పెద్ద నాళం మూసుకుపోతే ఇంజెక్షన్ ఒక్కదానితో తెరుచుకోవడం కష్టం. అప్పుడు క్యాథ్‌ల్యాబ్‌లో, గజ్జల దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం మెదడు దాకా పంపి, స్టెంట్ వలతో గానీ పీల్చే గొట్టంతో గానీ గడ్డను బయటికి లాగేస్తారు. 2015లో ఐదు పరీక్షల ఫలితాలు వరసగా వచ్చాక ఇది ప్రామాణిక వైద్యమైంది. ఆరు గంటల్లోపు మామూలుగా చేస్తారు. రక్తసరఫరా స్కాన్‌లో ఇంకా బతికున్న భాగం కనపడితే 24 గంటల దాకా చేయొచ్చని 2018లో తేలింది. ఎవరికి ఇది కావాలో సీటీతో పాటు తీసే యాంజియోలో, అంటే రక్తనాళాల స్కాన్‌లో తెలుస్తుంది. మాట పోయి, చేయి కాలు పూర్తిగా పడిపోయి, రెండు కళ్లూ ఒకే పక్కకు తిరిగిపోయి ఉంటే పెద్ద నాళమే అని అనుమానిస్తాం. ఇంజెక్షన్‌కు అర్హత ఉంటే ముందు అది మొదలుపెట్టి, పనిచేస్తుందేమో చూద్దామని ఆగకుండా క్యాథ్‌ల్యాబ్‌కు వెళ్లాలి.

నిద్రలో వచ్చిన స్ట్రోక్‌కు దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఎంఆర్‌ఐలో ఒక రకం చిత్రంలో దెబ్బ కనపడి, ఇంకో రకం చిత్రంలో ఇంకా కనపడకపోతే దెబ్బ తగిలి ఎక్కువసేపు కాలేదని అర్థం, ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. కాబట్టి "టైం దాటిపోయింది, ఇక పొద్దున్నే పోదాం" అనే మాట ఇంట్లోవాళ్లు అనకూడదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. సీటీ ఉందా అన్నది సరైన ప్రశ్న కాదు. ఆదివారం రాత్రి రెండింటికి వస్తే సీటీ తీసి, చదివి, ఇంజెక్షన్ అక్కడే ఇస్తారా? గడ్డను లాగే క్యాథ్‌ల్యాబ్, ఆ పని చేసే డాక్టరు రాత్రి అందుబాటులో ఉంటారా? ఈ రెండూ కమిటీ తరఫున ఇప్పుడే నాలుగైదు ఆసుపత్రులకు ఫోన్ చేసి కనుక్కోండి. మొదటిది ఉండి రెండోది లేకపోయినా సరే, ఇంజెక్షన్ అక్కడ మొదలుపెట్టి అంబులెన్సులో పెద్ద చోటికి పంపొచ్చు. మొదటిది కూడా లేకపోతే అక్కడ ఆగడం దండగ. "అడ్మిట్ చేయండి, సిటికోలిన్ డ్రిప్ పెడతాం, న్యూరో డాక్టర్ పొద్దున వస్తారు" అన్నారంటే అర్థం చేసుకోండి. సిటికోలిన్‌తో గడ్డ కరగదు. పెద్ద పరీక్షలో, 2012లో, దానివల్ల ఉపయోగం ఏమీ కనపడలేదు. ప్రభుత్వంలో పంజాగుట్ట నిమ్స్, సికింద్రాబాద్ గాంధీ, అఫ్జల్‌గంజ్ ఉస్మానియాల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి, జాబితాలో అవీ ఉండనివ్వండి. కానీ మియాపూర్ నుంచి ఉదయం తొమ్మిదింటికి అమీర్‌పేట దాటడం ఎంతసేపో మీకే బాగా తెలుసు. పగటికో పేరు, రాత్రికో పేరు రాసుకున్నా తప్పులేదు.

సిరంజి_పంపు

డాక్టర్ గారు ఇంజెక్షన్ అని ఒక్క మాటలో తేల్చేశారు. అక్కడ జరిగే పొరపాట్లు మాకు తెలుసు కాబట్టి ఇది కాగితం కోసం కాదు, ఇక్కడ చదివే నర్సింగ్ పిల్లల కోసం రాస్తున్నాను.

ఆల్టెప్లేస్ డోసు కిలోకు 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 దాటకూడదు. 65 కిలోల మనిషికి 58.5. మన దగ్గర 50, 20 మిల్లీగ్రాముల వయల్స్ వస్తాయి, రెండూ ఒక్కోటి తెరవాలి. వాటితో వచ్చే స్టెరైల్ వాటర్ కలిపితే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. వయల్‌ను గిలక్కొట్టకూడదు, నురగ వస్తుంది. చేతిలో మెల్లగా తిప్పి, నురగ దిగేదాకా ఆగాలి. 70 మిల్లీలీటర్లలో మిగులు 11.5 ముందే తీసి పారేయండి, పంపుకు తగిలించాక కాదు. ఎక్కువ డోసు పోయే తప్పు ఇక్కడే జరుగుతుంది. పదోవంతు, అంటే 5.85 ఒక్క నిమిషంలో. మిగతా 52.65 గంటసేపట్లో. పంపు "అయిపోయింది" అని కూత పెట్టినప్పుడు ట్యూబులో ఇంకా మందు ఉంటుంది. అది తీసి పక్కన పడేస్తే ఆ మందు పేషెంటుకు చేరనట్టే. అదే వేగంతో సెలైన్ నడపాలి. డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్ నీళ్లు) కాదు, సెలైన్ (ఉప్పు నీళ్లు).

గడ్డ కరిగించే ఇంకో మందు టెనెక్టెప్లేస్ అయితే ఒకే పోటు, కిలోకు 0.25, పైకి 25 మిల్లీగ్రాములు. 65 కిలోలకు 16.25. గుండెపోటు డోసు పట్టిక క్యాజువాల్టీ గోడ మీద ఉంటుంది, అందులో అదే బరువుకు 35 అని ఉంటుంది. కంగారులో ఆ పట్టిక చూసి ఇచ్చారంటే రెట్టింపు దాటిపోయినట్టే. మందు పెట్టెకే "మెదడుకు 0.25" అని స్టిక్కర్ అతికించుకోండి. లైనులో అంతకుముందు డెక్స్‌ట్రోస్ నడిచి ఉంటే సెలైన్‌తో కడిగాకే ఇవ్వాలి, లేకపోతే మందు లైనులోనే ముక్కలు కడుతుంది.

బరువు ఇంట్లోవాళ్లను అడిగితే ఎప్పుడో చూసుకున్న అంకె చెబుతారు. మంచానికి తూకం ఉంటే తూచండి.

మందు మొదలైన దగ్గర్నుంచి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకు, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, ఆ తర్వాత 24 గంటలు నిండేదాకా గంటకోసారి బీపీ, చేతులు, కాళ్లు, మాట చూడాలి. మొత్తం 36 సార్లు. బీపీ 180/105 దాటనివ్వకూడదు. కొత్తగా తలనొప్పి, వాంతి, ఉన్నట్టుండి బీపీ పెరగడం, అప్పటిదాకా కదిలిన చేయి ఆగిపోవడం, వీటిలో ఏది కనపడినా ముందు పంపు ఆపేయాలి, తర్వాతే డాక్టరుకు ఫోన్. సీటీకి పరుగు. రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ మందులు వాడేవాళ్లలో పెదవి, నాలుక ఒక పక్క వాచే ప్రమాదం ఎక్కువ. కాబట్టి చేతులతో పాటు నోట్లోకి కూడా టార్చి వేసి చూడండి. రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం), యూరిన్ పైపు వేయాల్సిందే అనుకుంటే మందుకు ముందే వేయాలి, లేదా ఆపగలిగినంతసేపు ఆపాలి. తర్వాత వేస్తే ముక్కులోంచి కారే రక్తం ఓ పట్టాన ఆగదు.

వార్డులో మాకు పెద్ద తలనొప్పి అటెండర్లు తెచ్చే కొబ్బరినీళ్లు. "నోరు ఎండిపోతోంది సిస్టర్, రెండు చెంచాలేగా" అంటారు. పూర్తి మెలకువలో, నిటారుగా కూర్చోబెట్టి, ముందు చెంచాతో, తర్వాత గ్లాసుతో నీళ్లు ఇచ్చి చూస్తాం. దగ్గొచ్చినా, గొంతులో నీళ్లున్నట్టు గరగరమన్నా ఫెయిలే. అది పాసయ్యేదాకా మాత్రతో సహా నోట్లోకి ఏదీ పోకూడదు. రెండు మూడు రోజుల తర్వాత జ్వరం, ఆయాసం వచ్చిందంటే చాలాసార్లు మూలం ఆ రెండు చెంచాల్లోనే ఉంటుంది.

పాత_మెడికల్‌షాపు

కమిటీ గారూ, వాట్సాప్‌లో తిరిగేవాటికి కూడా కాగితంలో ఒక లైను ఇవ్వండి. పది వేళ్లకూ సూదితో పొడిచి రక్తం చుక్క తీస్తే స్ట్రోక్ ఆగుతుందన్నది, పడిపోయిన చేతికి పావురం రక్తం రాయమన్నది, పసరు మందు. వీటిలో ఏదీ నాళంలో ఉన్న గడ్డ దాకా పోదు. మొదటిదానివల్ల టైం పోతుంది, రెండోదానివల్ల పావురం పోతుంది.

నాదొక సందేహం. చేయి తిమ్మిరెక్కి పది నిమిషాల్లో తగ్గిపోయినవాళ్లు షాపుకొచ్చి బీకాంప్లెక్స్ అడుగుతారు. వాళ్లనూ పంపించాలా?

న్యూరో_పెన్‌టార్చ్

వాళ్లనే ముందు పంపించండి. చేయి, మూతి, మాట, చూపు హఠాత్తుగా పోయి తిరిగొచ్చిందంటే గడ్డ వచ్చి కరిగిపోయిందని. అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లోనే ఎక్కువ. సీటీలో రక్తస్రావం లేదని తేలాక, ఇలాంటివాళ్లలో ప్రమాదం ఎక్కువున్నవాళ్లకూ, చిన్న స్ట్రోక్ వచ్చినవాళ్లకూ 24 గంటల్లోపు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ మొదలుపెట్టి 21 రోజులు ఇస్తాం, తర్వాత ఒకటి ఆపేస్తాం. ఆ చీటీ పట్టుకుని ఆరు నెలలు రెండూ కొనేవాళ్లు మీ షాపుకే వస్తారు. తారీఖు చూసి అడగండి, కడుపులో రక్తస్రావం తెచ్చుకుంటారు. ఈసీజీ, మెడ నాళాల స్కాన్ కూడా చేయించాలి. గుండె లయ తప్పడం వల్ల వచ్చిన గడ్డ అయితే మందే వేరు.

బ్లాక్‌సీ_కమిటీ

మార్చి రాశాను. చూడండి:

"హఠాత్తుగా మూతి వంకర, చేయి జారడం, మాట ముద్ద కావడం లేదా అర్థం లేకుండా మాట్లాడటం, ఒక పక్క చూపు పోవడం, ఆసరా లేకుండా కూర్చోలేనంత తూలు. ఒక్కటి కనపడినా వెంటనే 108. తగ్గిపోయినా సరే, పేషెంటు వద్దన్నా సరే.

నోట్లో ఏమీ పెట్టొద్దు: నీళ్లు, ఆస్పిరిన్, సార్బిట్రేట్, బీపీ మాత్ర, చక్కెర, ఏదీ వద్దు.

గోడ గడియారం చూసి ఇక్కడ రాయండి: చివరిసారి మామూలుగా ఉన్న టైం ____. చూసినవారి ఫోన్ ____. షుగర్ ____.

వాంతి అయితే పక్కకు తిప్పండి. పడిపోయిన చేయి లాగొద్దు. వాడే మందులన్నీ కవర్లో వేయండి. సర్వీస్ లిఫ్టు కింద ఆపండి. సంతకం పెట్టగలిగిన మనిషి బండిలో ఎక్కాలి.

పగలు: ____ ఆసుపత్రి. రాత్రి: ____ ఆసుపత్రి."

నాలుగున్నర గంటల మాట తీసేశాను. అది చూస్తే జనం నాలుగు గంటలు ఇంట్లో గడిపేలా ఉన్నారు.

నైట్‌డ్యూటీ_క్యాజువాల్టీ

తీసేసి మంచి పని చేశారు. ఆ గడువు సూది గుచ్చడానికి. ఆసుపత్రి గేటు దాటాక సీటీ, షుగర్, సంతకం, మందు కలపడం అన్నీ కలిపి గంటలోపు ముగించాలన్నది మా లక్ష్యం. ఆ గంట కూడా మీ నాలుగున్నరలోంచే పోతుంది.

ఒక్క సవరణ. "చివరిసారి మామూలుగా ఉన్న టైం" పక్కన ఉదయమా, రాత్రా అని గుర్తు పెట్టే గడి ఒకటి పెట్టండి. ఉత్తి "6:00" అని రాసి తెస్తే మేం మళ్లీ మొదటి నుంచి అడగాలి.

ఈఎంటీ_సైరన్

మంచిగుంది అన్నా. కాగితం కింద పిన్నుతోటి ఒక పెన్ను గూడ కట్టున్రి, టైంకు దొరకది. గేటు కాడ అడ్డం పెట్టిన బండ్ల తాళాలు వాచ్‌మన్ తాననే ఉండాలె.